జీవ వైవిధ్యాన్ని లెక్కగట్టిన హాల్డేన్

సాయంకాలం వేళ బరంపురంలో నీరున్న చెరువు గట్టున నిలబడితే ఒక చక్కని దృశ్యం కనిపిస్తుంది. గట్టుకు ఒక పక్క ఇళ్లు, దుకాణాలు, బండ్ల రొద. మరొక పక్క నీరు, గుర్రపుడెక్క, వాటి నడుమ కదలక మెదలక చేప కోసం కాచుకొన్న కొంగలు, రెక్కలు చాచి ఆరబెట్టుకొంటున్న నీటికాకులు. ఇవి ఎవరూ పెంచిన పక్షులు కావు. స్వేచ్ఛగా బతికే పక్షులే అయినా పట్టణాన్ని తమ ఊరుగా చేసుకొన్నాయి. ఒకే జాతి కొంగలు పది ఒక చోట చేరితే మన కంటికి అన్నీ ఒక్క పోలికగానే ఉంటాయి. కాని ఏ రెండు కొంగలూ అచ్చంగా ఒక్కటి కావు. ఒకటి మనిషిని చూడగానే బెదిరి ఎగిరిపోతుంది. మరొకటి పక్కనుంచి సైకిలు పోయినా చలించదు. ఒకటి జబ్బుకు లొంగిపోతుంది. మరొకటి తట్టుకొంటుంది. ఇటువంటి తేడాలలో కొన్ని తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా పిల్లలకు సంక్రమిస్తాయి. ఒక జాతిలో దాగి ఉన్న ఈ జన్యువుల తేడాలనే జన్యు వైవిధ్యం అంటారు.

ఈ వైవిధ్యం ఎలా పుడుతుంది? ఎలా నిలుస్తుంది? ఎలా తరిగిపోతుంది? ఈ ప్రశ్నలకు గణితం సహాయంతో సమాధానం వెదకిన మహా శాస్త్రజ్ఞులలో ఒకడు తన చివరి సంవత్సరాలను మన ఒడిశాలోనే గడిపాడు. మరణించిన పిదప తన దేహాన్ని తెలుగు నేలపై ఉన్న ఒక వైద్య కళాశాలకు ఇచ్చాడు. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకం ఆయనను జె.బి.ఎస్. హాల్డేన్ అని పిలుస్తుంది.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరు పొందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గనులలో పేరుకొనే విషవాయువులు కార్మికుల ప్రాణాలు ఎలా తీస్తున్నాయో తెలుసుకోవడం ఆయన పని. ఆ వాయువులను ముందుగా తానే పీల్చి చూసేవాడు. చిన్నవాడైన కుమారుణ్ణి కూడా వెంట తీసుకుపోయేవాడు. ఒకసారి గని లోపల బాలుణ్ణి నిలబెట్టి, కంఠస్థం చేసిన నాటక భాగాన్ని చెప్పమన్నాడు. కొంతసేపటికే బాలుడికి ఊపిరి అందక కాళ్లు తేలిపోయి కింద పడిపోయాడు. నేల దగ్గరి గాలి మాత్రం పీల్చడానికి అనువుగానే ఉంది. గనిలో పుట్టే మీథేను వాయువు గాలికంటె తేలిక కనుక పైకప్పు దగ్గర చేరుతుందని బాలుడికి ఆ విధంగా బోధపడింది. దేన్నయినా స్వయంగా పరీక్షించి తెలుసుకోవాలి, ఆ పరీక్షలోని అపాయం ఇతరుల మీద పడకుండా తానే భరించాలి అనే రెండు పాఠాలు ఆయన తండ్రి వద్ద నేర్చుకొన్నాడు.

హాల్డేన్ చెల్లెలు నయోమి. ఆమె గినీ పందులను పెంచేది. అప్పటికి మెండెల్ సూత్రాలు వెలుగులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. బఠాణీ మొక్కలలో మెండెల్ చూసిన అనువంశిక సూత్రాలు జంతువులలో ఎలా వర్తిస్తాయో చూడాలని అన్నాచెల్లెళ్లిద్దరూ ఇంటి ఆవరణలోనే పరిశీలనలు ప్రారంభించారు. తరువాత ఎలుకల మీద చేసిన పరిశోధనలో కొన్ని లక్షణాలు జతగా సంక్రమిస్తాయని గ్రహించారు. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హాల్డేన్ సైన్యంలో చేరి ఫ్రాన్సులోనూ, మెసొపొటేమియాలోనూ పోరాడి గాయపడ్డాడు. వారి పరిశోధనలో భాగస్వామి అయిన మిత్రుడొకడు యుద్ధంలో మరణించాడు. ఎలుకలపై వారు చేసిన పరిశోధన 1915లో ప్రచురితమైంది. గాయాలు మానడానికి హాల్డేన్‌ను భారతదేశానికి పంపారు. ఈ దేశంతో ఆయన పరిచయం ఆ విధంగా మొదలైంది.

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో చదివినది గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్త్వశాస్త్రం. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టం లేదు. అయినా 1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర బోధకుడయ్యాడు. 1933 నుంచి లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడుగా పనిచేశాడు. 1932లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది.

డార్విన్ చెప్పిన ప్రకృతివరణ సిద్ధాంతాన్ని అంకెలలో చెప్పడం సాధ్యమా అని ఆ కాలంలో చాలామందికి సందేహం ఉండేది. 1924లో హాల్డేన్ ఈ విషయమై వరుసగా వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. అందుకు ఆయన తీసుకొన్న ఉదాహరణ నగరానికి సంబంధించినదే. ఇంగ్లండులో తెల్లని రెక్కలపై మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలుండే ఒక మాత్ పురుగు ఉంది. అది పగలు చెట్ల మీద వాలి ఉంటుంది. 1848లో మాంచెస్టర్ నగరంలో ఈ పురుగుల మధ్య పూర్తిగా నల్లనిదొకటి దొరికింది. ఫ్యాక్టరీల పొగ వల్ల చెట్లు మసిబారిపోగా, వాటిపై తెల్లని పురుగులు పక్షులకు సులభంగా కనబడి ఆహారమయ్యేవి. నల్లనివి తప్పించుకొనేవి. ఆ శతాబ్దం ముగిసేనాటికి ఆ ప్రాంతంలో దాదాపు అన్నీ నల్లనివే మిగిలాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు రావాలంటే, తెల్లనివి రెండు పిల్లలను మిగిల్చే చోట నల్లనివి సుమారు మూడు పిల్లలను మిగల్చాలని హాల్డేన్ లెక్కకట్టాడు. తరువాతి కాలంలో పొగ తగ్గేసరికి తెల్లనివి మళ్లీ పెరిగాయి. ఆ జాతిలో రెండు రంగుల జన్యువులూ మిగిలి ఉండబట్టే అది రెండు మార్పులకూ తట్టుకొంది. వైవిధ్యం అనేది జీవజాతికి గాదెలోని విత్తనం వంటిదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

అయితే మంచి జన్యువైనంత మాత్రాన అది నిలుస్తుందనే నమ్మకం లేదు. ఈ విషయాన్ని హాల్డేన్ 1927లో నిరూపించాడు. ఒక జన్యువు సంతానాన్ని నూటికి ఒక వంతు పెంచగలిగినదే అనుకొందాం. అది ఒక్క ప్రాణిలో కొత్తగా పుట్టినప్పుడు, ఆ జాతి అంతటా వ్యాపించి స్థిరపడే అవకాశం నూటికి సుమారు 2 మాత్రమే. మిగిలిన 98 వంతులు అది యాదృచ్ఛికంగా నశించిపోయే అవకాశమే ఉంది.

యాదృచ్ఛికం చేసే ఈ నష్టం చిన్న గుంపులలో మరింత ఎక్కువ. దీనిని ఒక ఆటతో గ్రహించవచ్చు. ఒక కుండలో 95 చింతగింజలు, 5 గురివింద గింజలు కలిపి పోసి, కళ్లు మూసుకొని పది గింజలు తీస్తే వాటిలో గురివింద గింజ ఒక్కటైనా రాకపోవచ్చు. యాభై గింజలు తీస్తే అది తప్పిపోయే అవకాశం చాలా తక్కువ. ఒక చిన్న చెరువులో పది పక్షులే మిగిలితే వాటి పిల్లలలో అరుదైన జన్యువులు ఇలాగే జారిపోతాయి. ఒకసారి పోయిన జన్యువు మరొక చెరువు నుంచి వచ్చే పక్షితో తప్ప తిరిగి రావడం కష్టం. చిన్న గుంపులలో దగ్గరి బంధువులే జతకట్టవలసి వస్తుంది. అప్పుడు లోపమున్న ఒకే జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ పిల్లకు చేరి, అంతవరకు దాగి ఉన్న దోషం బయటపడవచ్చు. హాల్డేన్‌తో పాటు ఇంగ్లండులో ఆర్.ఎ. ఫిషర్, అమెరికాలో స్యూయల్ రైట్ ఈ గణితాన్ని అభివృద్ధి చేశారు. ఆ ముగ్గురూ వేసిన పునాది మీదనే నేటి జనాభా జన్యుశాస్త్రం చాలవరకు నిలిచి ఉంది.

వ్యాధులకూ జన్యు వైవిధ్యానికీ గల సంబంధాన్ని కూడా హాల్డేన్ ముందుగానే ఊహించాడు. థలసీమియా అనే రక్తదోషం కొన్ని ప్రాంతాల ప్రజలలో ఎందుకు ఎక్కువగా ఉందని ఆయన ఆలోచించాడు. ఆ దోషానికి సంబంధించిన జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ కలుగుతుండవచ్చునని 1949లో సూచించాడు. తరువాతి పరిశోధనలు ఈ మార్గంలోనే సాగి ఆ ఊహను బలపరచాయి. ఒక చోట దోషమనిపించిన జన్యువు మరొక చోట ప్రాణరక్షకం కావచ్చు. అందరూ ఒకే తీరుగా ఉన్న జాతిని ఒక్క కొత్త రోగం తుడిచిపెట్టవచ్చు. రకరకాలుగా ఉన్న జాతిలో కొందరైనా మిగులుతారు.

హాల్డేన్ ధైర్యసాహసాలు గొప్పవి. 1939లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. ప్రమాదంలో చిక్కిన జలాంతర్గామి నుంచి మనుషులు ప్రాణాలతో ఎలా బయటపడగలరో తెలుసుకోవడానికి హాల్డేన్ ఉక్కు గదిలో కూర్చొని, గాలి పీడనాన్ని పెంచి, తగ్గించి, తన మీదనే ప్రయోగాలు చేసుకొన్నాడు. ఈ ప్రయోగాలలో వచ్చిన మూర్ఛ వల్ల ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. ఆ నొప్పి జీవితాంతం ఆయనను విడువలేదు.

అంతటి ధైర్యశాలి కూడా ఒక విషయంలో తడబడ్డాడు. ఆయన కమ్యూనిస్టు భావాలు గలవాడు. 1928లో రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ ఆహ్వానంపై సోవియట్ దేశానికి వెళ్లాడు. వావిలోవ్ దేశదేశాలు తిరిగి పంట మొక్కల రకరకాల విత్తనాలను సేకరించి భద్రపరచినవాడు. తరువాత ఆ దేశంలో లైసెంకో అనేవాడు అధికారుల అండతో జన్యుశాస్త్రాన్నే తిరస్కరించాడు. వావిలోవ్‌ను నిర్బంధించారు. 1943లో ఆయన చెరసాలలోనే మరణించాడు. జన్యుశాస్త్రానికి ఇంత అన్యాయం జరుగుతున్నా హాల్డేన్ ఎంతో కాలం బహిరంగంగా ఖండించలేదు. కొన్నేళ్లకు పార్టీకి దూరమయ్యాడు. కాని ఆ మౌనం ఆయన జీవితంలో ఒక మచ్చగా మిగిలింది.

1956లో బ్రిటన్ సూయజ్ కాలువ విషయమై ఈజిప్టుపై దాడి చేసింది. ఆ చర్య హాల్డేన్‌కు నచ్చలేదు. 1957లో ఆయన భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇంగ్లండు విడిచి భారతదేశానికి వచ్చాడు. ఆమె కూడా జీవశాస్త్రజ్ఞురాలే. కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థలో ఆచార్యుడుగా చేరాడు. కుర్తా, ధోవతి ధరించాడు. మాంసాహారం మానాడు. 1961లో భారత పౌరుడయ్యాడు.

విదేశాల నుంచి ఖరీదైన పరికరాలు వచ్చేదాకా మన విద్యార్థులు చేతులు కట్టుకొని కూర్చోనవసరం లేదని ఆయన అభిప్రాయం. చూసే కన్ను, లెక్కపెట్టే ఓర్పు, ఒక నోటు పుస్తకం ఉంటే పొలంలోనూ, పెరటిలోనూ పరిశోధన చేయవచ్చునని శిష్యులకు నేర్పాడు. ఆయన ప్రోత్సాహంతో ఎస్.కె. రాయ్ వరి రకాలను కలిపి నాటి వాటి దిగుబడిని పరిశీలించాడు. కొన్ని రకాలు కలిసి పెరిగినప్పుడు విడివిడిగా పెరిగినప్పటి కంటె ఎక్కువ ఫలించాయి. పిఠాపురానికి చెందిన తెలుగు యువకుడు ద్రోణంరాజు కృష్ణ, ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక ఎక్కువగా వాలుతుందో లెక్కపెట్టాడు. ఆయనే ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికపు వివాహాల గురించి, వాటి ఫలితాల గురించి మరొక పరిశోధకునితో కలిసి పరిశోధించి 1963లో వ్యాసం ప్రకటించాడు. చెరువులోని చిన్న పక్షుల గుంపుకు వర్తించే లెక్కే మనుషుల కుటుంబాలకూ వర్తిస్తుంది కదా!

పక్షుల విషయంలో హాల్డేన్ చేసిన సూచన ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ రోజులలో పక్షులను గురించి తెలుసుకోవడమంటే తుపాకితో కాల్చి, చర్మాలు వలిచి, పెట్టెలలో దాచడమనే అలవాటు చాలా చోట్ల ఉండేది. పక్షిని చంపకుండానే శాస్త్రీయంగా పరిశీలించవచ్చునని వివరిస్తూ హాల్డేన్ 1959లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వ్యాసం రాశాడు. అహింసను గౌరవించే భారతదేశానికి ఈ మార్గం సహజమైనదని ఆయన భావించాడు. ఆయన శిష్యుడు సురేశ్ జయకర్, హెలెన్ స్పర్వే కలిసి ఈ పద్ధతిలోనే కళ్ల ముందు పసుపుపచ్చని తోలు వేలాడే తీతువు పిట్టను పరిశీలించారు. తీతువు కూత వినబడితే అపశకునమని మన పెద్దలు కొందరు భయపడతారు. ఆ పరిశీలకులు మాత్రం దాని గూటిని ఓర్పుగా కనిపెట్టి చూశారు. ఇది నీటి ఒడ్డున తిరిగే పక్షుల వర్గానికి చెందినదే అయినా ఎండాకాలంలో, బయలు నేల మీద గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టి రంగులో కలిసిపోయి కనబడవు. ఎండ ఎక్కువైతే తల్లిదండ్రులు పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. అంటే గుడ్లు పొడినేల మీద ఉన్నా ఆ పక్షికి దగ్గరలో నీటి కుంట కావాలి. ఇటువంటి సత్యం చచ్చిన పక్షి చర్మాన్ని చూస్తే తెలియదు.

హాల్డేన్ ముక్కుసూటి మనిషి. కోపం కూడా ఎక్కువే. ఉన్నవారితో పొసగక 1961లో కలకత్తా సంస్థను విడిచాడు. మరుసటి సంవత్సరం ఒడిశా ప్రభుత్వ ఆహ్వానంపై భువనేశ్వరం చేరాడు. అప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ సహకారంతో అక్కడ జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాలను నెలకొల్పాడు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై సంవత్సరాలు. చేయవలసిన పనిని తలచుకొంటే మిగిలిన కాలం చాలదని ఆయనకు తెలుసు. అయినా యువకులను చేరదీసి ఉత్సాహంగా పని సాగించాడు.

అంతలోనే ఆయనకు క్యాన్సరు వ్యాధి సోకిందని తెలిసింది. 1964 ప్రారంభంలో లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రి మంచం మీద నుంచే ఆయన తన వ్యాధి మీద ఒక హాస్య కవిత రాశాడు. రోగాన్ని చూసి సిగ్గుపడి దాచుకోవద్దని, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలని ప్రజలకు చెప్పడమే దాని ఉద్దేశం. భువనేశ్వరానికి తిరిగి వచ్చి, 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూశాడు.

బతికినంత కాలం తన శరీరాన్ని ప్రయోగాలకు ఒప్పగించిన హాల్డేన్, మరణించిన తరువాత కూడా అది చదువుకు ఉపయోగపడాలని కోరుకొన్నాడు. ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. భువనేశ్వరం నుంచి కాకినాడకు పోయే దారి చిల్కా ఒడ్డున సాగి, గంజాం జిల్లా మీదుగా, బరంపురం మీదుగా పోతుంది. ఆక్స్‌ఫర్డులో మొదలైన ఆ జీవితం ఒడిశాలో ముగిసి, తెలుగు విద్యార్థులకు పాఠమైంది. హెలెన్ స్పర్వే తన చివరి సంవత్సరాలను హైదరాబాదులో గడిపింది.

హాల్డేన్ తన తొలి లెక్కలు వేసేనాటికి జన్యువు ఏ పదార్థంతో తయారైనదో ఎవరికీ తెలియదు. డీఎన్ఏ నిర్మాణం 1953లో బయటపడింది. ఈనాడు రాలిన ఈక నుంచి కూడా పక్షి డీఎన్ఏను పరీక్షించవచ్చు. హైదరాబాదులోని సీసీఎంబీ వంటి సంస్థలు వన్యప్రాణుల జన్యు వైవిధ్యాన్ని పరిశీలిస్తున్నాయి. పక్షిని చంపకుండా పరిశీలించాలన్న హాల్డేన్ ఆశయానికి కొత్త సాధనం దొరికింది.

నగరాల నీటిపక్షుల మీద కూడా ఇటువంటి పరిశోధనలు జరుగుతున్నాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం నడుమ ఒక సరస్సు ఉంది. అక్కడి నల్లహంసలను, నగరానికి దూరంగా మరొక చోట ఉండే నల్లహంసలను శాస్త్రజ్ఞులు పోల్చి చూసి 2015లో ఫలితాలు ప్రకటించారు. నగరపు హంసలు మనుషులను ఎక్కువ దగ్గరకు రానిస్తాయి. బెదురు స్వభావంతో సంబంధమున్న ఒక జన్యువు రూపాలు రెండు చోట్లా వేరువేరు పాళ్లలో ఉన్నాయి. బెదురు ఎక్కువగా ఉన్న హంసలు జనం తక్కువగా ఉన్న చోటును ఎన్నుకొంటూ ఉండవచ్చునని వారు భావించారు. మాంచెస్టర్ మాత్ పురుగు లాగానే, నగరం తనలో ఉండే పక్షులను కూడా జల్లెడ పడుతున్నదన్నమాట. ఆ జల్లెడ నుంచి జారిపోయిన వాటికి వేరొక చోటు మిగలకపోతే వాటి జన్యువులు కూడా పోతాయి.

గంజాం జిల్లాకు చిల్కా సరస్సు ఒక అంచు. శీతాకాలంలో దూర దేశాల నుంచి లక్షల పక్షులు అక్కడకు వస్తాయి. చిల్కా 1981లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఛత్రపురం దగ్గరి తంపర సరస్సుకు కూడా ఆ గుర్తింపు వచ్చింది. వాటి ముందు పట్టణంలోని చెరువు చిన్నదే. కాని ఒక నీటి నుంచి మరొక నీటికి ఎగిరే పక్షికి నడుమ ఉన్న ప్రతి చెరువూ ఒక మజిలీ. ఆ దారిలో జన్యువులు కూడా ప్రయాణం చేస్తాయి. నడుమ చెరువులను పూడ్చి ఇళ్లు కడితే పక్షుల గుంపులు విడివిడిగా మిగులుతాయి. అప్పుడు ఒక్కొక్క గుంపు, పది గింజలు తీసిన ఆటలాగ, తనలోని వైవిధ్యాన్ని కొంచెం కొంచెంగా పోగొట్టుకొంటుంది. చెరువు పూడిన రోజు అందరికీ కనబడుతుంది. జన్యువు పోయిన రోజు ఎవరికీ కనబడదు.

కనబడని ఆ నష్టాన్ని లెక్కకట్టే మార్గం చూపినవాడు హాల్డేన్. ఆయన కోరిన పరికరాలు ఖరీదైనవి కావు. చెరువు గట్టున కూర్చొని ఈ రోజు ఎన్ని కొంగలు వచ్చాయి, ఎన్ని నీటికాకులు వచ్చాయి, ఏది ముందుగా బెదిరింది, ఏది చివరిదాకా నిలిచింది అని ప్రతి వారం నోటు పుస్తకంలో రాసుకొనే విద్యార్థి ఆయన బాటలో మొదటి అడుగు వేసినట్లే.